పిల్లని అడిగారా?

వెనకటి పెళ్ళిళ్ళు ఎలా జరిగేవో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కట్నం మాట మేనమామ మాట్లాడేవాడు. ముహూర్తం పురోహితులవారు పెట్టేవారు. చీరల రంగు అత్తలూ పిన్నులూ తేల్చేవారు. వంటాయన వచ్చి గుమ్మడికాయలెన్ని కావాలో లెక్క చెప్పి వెళ్ళేవాడు. అంతా అయిపోయి పందిట్లో సన్నాయి మోగుతున్న వేళకు ఏ మూలనుంచో ఒక ముసలమ్మకు అనుమానం వచ్చేది - "ఏమర్రా, ఇంతకీ పిల్లని అడిగారా?" అని. అప్పటికి పిల్ల బుట్టలో కూర్చుని వుండేది.

ఇప్పుడు పెళ్ళికి పిల్లని అడుగుతున్నాం. మనం అడగడం ఆలస్యమైతే వాళ్ళే చెప్పేస్తున్నారు. సంతోషమే. కాని మన సంసారాల్లో ఇంకో పెద్ద కార్యం మాత్రం నేటికీ ఆ పాత పద్ధతిలోనే సాగిపోతోంది. అది పిల్లల చదువు. ఏ బళ్ళో వెయ్యాలో నాన్న జీతం చెబుతుంది. ఇంగ్లీషా, తెలుగా అన్నది ప్రభుత్వాలు ఒకసారి అటూ ఒకసారి ఇటూ చెబుతాయి. జూలైలో ఏ పాఠం, నవంబరులో ఏ పాఠం అన్నది ఎక్కడో రాజధానిలో కూర్చున్నవారు గళ్ళు గీసి రాసిపెడతారు. సాయంత్రం ట్యూషను సంగతి ఎదురింటావిడ కొడుకును చూసి మనం తేలుస్తాం. ఇందులో "నీకు ఇంతవరకూ ఏం వచ్చు తల్లీ, ఎక్కడ ఆగిపోయావు?" అని పిల్లని అడిగేవాళ్ళెవరు?

కాగితాల మీదనైతే నలభై ఏళ్ళుగా అడుగుతూనే వున్నారు లెండి. చదువు పిల్లల్ని మధ్యన పెట్టుకుని సాగాలని 1986 జాతీయ విద్యావిధానంలో రాసుకున్నారు. ఆ మాటకొస్తే మన రాష్ట్రం అంతకు ముందే మొదలెట్టింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అని ఒకటి 1980లలో కొన్నిచోట్ల ప్రయోగంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతా పాకింది. పిల్లలు పనులు చేస్తూ నేర్చుకోవాలి, ఒక్కొక్కరుగానూ జట్లుగానూ కూర్చోవాలి, పిల్లకీ పిల్లకీ వుండే తేడా పంతులు గుర్తుపట్టాలి, వూళ్ళో దొరికే వస్తువులే పాఠానికి పనికి రావాలి, పిల్లలు గీసినవీ చేసినవీ గదిలో కనబడాలి - ఇవీ వాళ్ళు నేర్పిన సూత్రాలు. ఎంత ముచ్చటగా వున్నాయో చూడండి. మా ఆడపడుచు ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద పంతుళ్ళు ఆ రోజులు తలుచుకుని చెప్పుకునేవారట. గోడకు ఆ మూలనుంచి ఈ మూలకు దారం కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసేవారట. కొన్ని బళ్ళల్లో పిల్లలు గుండ్రంగా కూర్చునేవారు గాని, ఆ గుండ్రంలో కూర్చునే అందరూ ఒక్క గొంతుతో అదే పాత వల్లెవేత వేసేవారట. కూర్చునే తీరు మారింది, పాఠం మారలేదు.

మా ఆడపడుచు పేరెత్తాను కాబట్టి ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ అర్ధవీడు వైపు ఒక చిన్న పల్లెలో పంతులమ్మ. కంభంలో రైలు దిగి, బస్సో ఆటోనో పట్టుకుని వెళ్ళాలి. ఒకపక్క నల్లమల కొండలు, ఎర్రటి నేల, వానమీద ఆధారపడిన చేలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో వుండేవి. అందుకేనేమో అక్కడి మాటలో కొంచెం సీమ యాస తగులుతుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది అక్కడి ఇళ్ళకు తాళాలు కనబడతాయి. సంక్రాంతి దాటగానే మూటా ముల్లే సర్దుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. మనం ఆవకాయలోకి ఎర్రటి కారం కొనుక్కుంటామే, ఆ కాయ కోసే చేతుల్లో ఇక్కడివి కూడా వుంటాయన్నమాట.

ఆ సంవత్సరం మార్చినెలలో నేను ఓ పదిరోజులు ఆవిడ దగ్గర వున్నాను. పగలు తోచక బడికి వెళ్ళి వరండాలో కూర్చునేదాన్ని. ఐదు తరగతులు, ఇద్దరు పంతుళ్ళు, అందులో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక ట్రైనింగులో. ఒకటో తరగతి అ ఆలు దిద్దుతుంటే ఐదో తరగతి గుణింపులు అప్పజెపుతుంటుంది. ఆ గోలలో ఎవరికి ఏం వచ్చిందో దేవుడికే తెలియాలి.

ఒకరోజు పొద్దున ఒక తల్లి పిల్లని తీసుకొచ్చి వదిలిపెట్టింది. మిరపకోతల నుంచి ముందురాత్రే వచ్చారట. పిల్లకు తొమ్మిది, పదేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా వున్నాయి. చేతులు ఇంకా మండుతున్నాయేమో, గౌనుకు రుద్దుకుంటూ నిలబడింది. నాలుగో తరగతి. జనవరిలో వెళ్ళింది మార్చిలో వచ్చింది. ఇంకో నెలలో పరీక్షలు.

"పోయిన్నే ఏమన్నా గుర్తుండాయో లేదో మేడం, కాస్త చూడండి" అంది తల్లి.

పిల్ల వెనకవరసలో కూర్చుని బుద్ధిగా పుస్తకం తీసింది. నల్లబల్ల మీద వున్నదంతా రాసుకుంది. నేను వంగి చూద్దును గదా, ముత్యాల్లాంటి అక్షరాలు! మన పిల్లల కోడిగీతలు చూసిన కళ్ళకు ఎంతో ముద్దొచ్చింది. "ఏం రాశావమ్మా, చదివి వినిపించు" అన్నాను. పిల్ల తల వంచుకుంది. మొదటి అక్షరం చదివింది, రెండోది చదివింది. రెండూ కలిపి మాట చెయ్యలేకపోయింది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల చేస్తున్నది చూచిరాత. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, అక్షరాన్ని చూసి అక్షరం గీస్తోంది.

పుస్తకం నిండింది, హాజరు పడింది, ఏటేటా పై తరగతిలో పేరెక్కింది. చట్టం కూడా తప్పు పట్టేందుకు లేదు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం, మధ్యలో బడి తప్పిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టమంది. ఇది మంచి మాట, పదేళ్ళ పిల్లను ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో బడే మానేస్తుంది. అయితే ఆ చట్టమే అదే చోట ఇంకో మాట కూడా అంది. అలా కూర్చోబెట్టిన పిల్ల మిగతావారిని అందుకునేందుకు ప్రత్యేకంగా నేర్పించాలని, అది ఆ పిల్ల హక్కని. మొదటి మాటకు రిజిస్టరులో ఒక గీత చాలు. రెండో మాటకు ఒక మనిషి, ఆ మనిషికి తీరిక కావాలి. మొదటిది జరిగినంత సుళువుగా రెండోది జరగదంటే ఆశ్చర్యమేముంది?

ఆ పిల్లకు ఏమీ రాదనుకుంటున్నారా? మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో నా పక్కన చేరి కబుర్లు మొదలెట్టింది. కోతల దగ్గర వాళ్ళ అమ్మ బస్తా ఎంత తూగిందో, నాయన బస్తా ఎంత తూగిందో రోజూ ఈ పిల్లే మనసులో పెట్టుకునేదట. ఒకనాడు మేస్త్రీ పదమూడు కిలోలు తక్కువ రాస్తే పట్టేసిందట. "ఆయన బుక్కులో రాసుకుంటాడు, నేను యాడ రాసుకోను? తలకాయలోనే పెట్టుకుంటా" అంది నవ్వుతూ. వారం రోజుల తూకాలు గడగడా చెప్పి, కూడి కూడా చూపించింది. లోపలికి వెళ్ళి మా ఆడపడుచును అడిగితే, పరీక్ష కాగితంలో ఆ పిల్లకు కూడికలు తప్పులట!

ఇది మన అర్ధవీడు వింత ఏమీ కాదు. బ్రెజిల్ దేశంలో రెసిఫే అనే పట్నంలో బజార్లో కొబ్బరికాయలూ అవీ అమ్ముకునే పిల్లల్ని కొందరు పరిశోధకులు పరీక్ష చేసి 1985లో ప్రకటించారు. బేరం దగ్గర నోటితో చెప్పిన లెక్కలు దాదాపు అన్నీ సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అవే లెక్కలు కాగితం మీద పెట్టి ఇస్తే బోల్తా పడ్డారట. అంటే పిల్లకు లెక్క రాకపోవడం కాదు, పిల్లకు వచ్చిన లెక్కకూ బడి అడిగే లెక్కకూ మధ్య మెట్టు లేదు. ఆ మెట్టు కట్టవలసింది బడి. పిల్ల ఎగిరి దూకాలనుకోవడం ఏం న్యాయం?

మా ఆడపడుచు ఆ పిల్ల ముందునుంచి నోటుపుస్తకం తీసేసి పలక ఇచ్చింది. పలక అంటే అక్కడ ఇంటి వస్తువు లెక్క. మార్కాపురం పలకలంటే ఒకప్పుడు దేశమంతా వెళ్ళేవి, పై దేశాలకూ ఎగుమతయ్యేవి. మనలో అక్షరాభ్యాసం నాడు బియ్యంలో దిద్దినా, మర్నాడు చేతికొచ్చింది చాలామందికి ఆ రాతిపలకే. దొండాకూ బొగ్గూ కలిపి రుద్ది నల్లగా నిగనిగలాడించేవాళ్ళం, ఎవరూ చూడకుండా ఉమ్మితో తుడిచి 'సరస్వతి' అంటూ కళ్ళకద్దుకునేవాళ్ళం. తర్వాత నోటుపుస్తకాలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా ఇళ్ళ గోడలకూ నేలలకూ బిళ్ళలుగా పోతోంది. చదువుకునే రాయి కాస్తా నడిచే రాయి అయిందన్నమాట.

"పలక ఎందుకే, నాలుగో తరగతి పిల్లకి?" అన్నాను.

"నోటుపుస్తకంలో తప్పు రాస్తే ఎర్రసిరా పడుతుంది వదినా. అది ఏడాదంతా అక్కడే వుండి పిల్లని వెక్కిరిస్తుంది. వాళ్ళ నాన్న చూస్తాడు, ఆఫీసరు చూస్తాడు. పలకమీద తప్పు ఎవరికీ చూపించక్కర్లేదు. తుడిచేస్తే పోయింది. తప్పు రాయడానికి భయం లేనివాళ్ళే ధైర్యంగా రాస్తారు" అంది.

నిజంగానే పిల్ల పది నిమిషాలు గీసింది, తుడిచింది, గీసింది, తుడిచింది. 'మిరప' అని రాసింది. చూచిరాత కాదు, తనంతట తాను. 'ప'కి తలకట్టు లేదు. అయితేనేం, ఆ రోజు ఆ గదిలో చదువంటూ జరిగింది అదొక్కటే అనిపించింది నాకు.

కాని పదిరోజుల ముచ్చటతో తీరే కష్టమా అది? పాఠాల గళ్ళ కాగితం గోడమీద వేలాడుతూనే వుంది. మా ఆడపడుచు ఆ పిల్ల దగ్గర కూర్చుంటే మిగతా ముప్పైమందీ బడి పైకప్పు లేపుతారు. అప్పుడే ఆవిడ నాకు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ సంగతి చెప్పింది. జిడ్డు కృష్ణమూర్తిగారి పేరుతో ఆ పెద్ద బడి మీకు తెలిసే వుంటుంది. కాని ఆ కొండల చుట్టూ చిన్న చిన్న పల్లెల్లో, ఒకే గదీ ఒకే పంతులూ వున్న బళ్ళ కోసం వాళ్ళు తయారుచేసిన పద్ధతి గురించి మనలో ఎందరికి తెలుసు? 1980ల చివర్లోనూ 1990లలోనూ అక్కడ కూర్చుని, పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టారు. ఒక్కో ముక్కకు ఒక్కో కార్డు. కార్డు మీద చదవడం రాని పిల్లయినా గుర్తుపట్టేట్టు ఏ పిట్టబొమ్మో జంతువు బొమ్మో. గోడమీద నిచ్చెనలా ఒక పటం, దాని మెట్టుమెట్టుకూ ఏ కార్డు తర్వాత ఏ కార్డో. పొద్దున్నే పిల్ల వచ్చి తన మెట్టు చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని పనులకు పంతులు పక్కన వుండాలి, కొన్నింటికి తోటిపిల్లలు చాలు, కొన్ని ఒంటరిగా చేసుకోవచ్చు. ఏ పని చేస్తే ఎవరి పక్కన కూర్చోవాలో దాన్నిబట్టి జట్లు. 'పెట్టెలో బడి' అని దానికి పేరు.

ఇందులో నా మనసు పట్టేసిన సంగతి ఒక్కటే. పిల్ల రెండు నెలలు రాకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. వచ్చిన రోజున తను ఎక్కడ వదిలిందో ఆ మెట్టు దగ్గర ఆ కార్డు అలాగే వుంటుంది. అల్లుతూ అల్లుతూ పక్కన పెట్టిన స్వెట్టరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నట్టు. పాఠం పిల్లని వదిలేసి వెళ్ళిపోదు.

చమత్కారమేమిటంటే, మన పెరటి చెట్టు వైద్యం పొరుగువాళ్ళకు బాగా పనికొచ్చింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవన్‌కోటె పంతుళ్ళు వచ్చి ఈ బళ్ళు చూసి, వెళ్ళి తమ పిల్లల కోసం 'నలి కలి' అని మొదలుపెట్టారు. 'ఆడుతూ నేర్చుకో' అని అర్థం. అది తర్వాత కర్నాటక ప్రభుత్వ బళ్ళన్నింటికీ వెళ్ళింది. చెన్నై కార్పొరేషను బళ్ళు 2003లో అందుకున్నాయి. నాలుగైదేళ్ళలో తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నింట్లోనూ ఆ కార్డుల అలమర్లు వెలిశాయి. మనం మాత్రం ఒక పథకం పేరు మార్చి ఇంకో పథకం పెట్టుకోవడంలో తలమునకలుగా వున్నాం.

ఇదేదో మంత్రదండం అని చెప్పబోవడంలేదు సుమండీ. కార్డులు చిరుగుతాయి, పోతాయి. ఒక్కొక్క పిల్ల మెట్టూ రాసుకోవడం పంతులమ్మకు ఇంటిపని మీద ఇంకో ఇంటిపని. అన్నిటికంటే కష్టం తల్లిదండ్రులతో. "పక్కవూరి బళ్ళో పుస్తకం సగం అయిపోయిందట, మీరింకా బొమ్మల కార్డులు ఆడిస్తున్నారా?" అంటారు. అక్షరం రాని తల్లిదండ్రులు అన్నారంటే వాళ్ళ మీద నాకు కోపం రాదు. డిగ్రీలు చదివిన మనం అనడంలేదూ? మా వీధిలో ఒకావిడ కొడుకు ఆరో తరగతి. భిన్నాలు రావు. వాడికి ఐఐటి ఫౌండేషన్ కోర్సు! "భిన్నాలు మళ్ళీ ఎప్పుడో చూసుకోవచ్చులెండి, కోర్సు మిస్సయితే సీటు పోతుంది" అంటుంది ఆవిడ. మిరపచేలకు వెళ్ళి వచ్చిన పిల్లకూ, ఏసీ బస్సులో వెళ్ళి వచ్చే ఆ కుర్రాడికీ పాఠం అందకపోవడంలో తేడా లేదు. తేడా అల్లా వాడికి నాలుగు అవకాశాలుంటాయి. ఆ పిల్లకు ఒక్కటే, అదీ ఐదో తరగతితో సరి. ఆరుకి వేరే వూరు నడవాలి. "సదువు రాని పిల్లని అంత దూరం పంపి ఏం జేస్తాం మేడం, మాతోపాటు కోతలకొస్తే ఒక మనిషి కూలి" అని వాళ్ళ నాన్న అప్పటికే అన్నాడట. ఆ మాట తర్వాత వచ్చే మాట ఏమిటో మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? పదమూడో ఏట సంబంధం చూస్తారు.

మా ఆడపడుచు దగ్గర పెట్టెలో బడి లేదు, అలమరా లేదు, వారి శిక్షణా లేదు. విన్నదీ చదివిందీ పట్టుకుని తనకు తోచిన నిచ్చెన తను కట్టుకుంది. ఊరికి తిరిగొచ్చాక నాకు ఫోను చేసి, "వదినా, మీ ఇంట్లో పాత శుభలేఖలుంటాయి కదా, పారెయ్యకు" అంది. శుభలేఖల సంగతి మీకు తెలిసిందే, ఒకవైపే అచ్చు, మందపాటి అట్ట, పారెయ్యడానికి మనసొప్పదు, దాచడానికి చోటుండదు. మా అపార్టుమెంటులో అడిగితే ఒక్క ఆదివారంలో రెండు సంచులు జమయ్యాయి. దసరాకు వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళాను. ఇద్దరం వరండాలో కూర్చుని వెనకవైపు రాసి, చింతపిక్కలూ ఆకులూ మిరపకాయల బొమ్మలూ గీశాం. కూడికల కార్డు మీద మిరప బస్తా బొమ్మ, తూకం అంకెలు వేశాం. ఐదో తరగతికొచ్చిన మన పిల్ల ఆ కార్డు చూసి, "ఇది నా లెక్క" అని తీసుకుని పోయింది. నోటితో చెప్పేసి, పలక మీద ఒకదాని కింద ఒకటి వేసి, తన జవాబూ పలక జవాబూ ఒకటేనా అని చూసుకుంది. ఒకటే అయ్యాయి. డిసెంబరుకి రెండో తరగతి వాచకం కూడబలుక్కుని చదివేస్తోందని ఉత్తరంలా పెద్ద మెసేజి పెట్టింది మా ఆడపడుచు. ఐదో తరగతిలో వుండి రెండో తరగతి పుస్తకమా అని మీకు నవ్వు రావచ్చు. మూడు నెలల్లో ఏమీ లేని చోటునుంచి అక్కడికొచ్చిందని ఎంచుకోండి.

అయితే రిజిస్టరులో దానికి గడి లేదట. ఐదో తరగతి పాఠాలు ఎన్ని అయ్యాయో రాయడానికి గడి వుంది. పిల్ల ఎన్ని మెట్లు ఎక్కిందో రాయడానికి లేదు. పై అధికారి ఒకాయన వచ్చి చూసి, మంచివాడే కాబోలు, "బాగుందమ్మా, కాని సిలబస్ కూడా పూర్తి చెయ్యండి" అని వెళ్ళాడట. ఆయన పైన ఇంకో ఆయన, ఆయనకు ఇంకో కాగితం. పాపం ఎవర్ని అంటాం?

వలసపోయేవాళ్ళ పిల్లల్ని ఆ నెలల్లో వూళ్ళోనే వుంచి అన్నంపెట్టి చదివించే సీజనల్ హాస్టళ్ళని ప్రభుత్వ పథకం ఒకటుంది. పిల్లలు ఎప్పుడు వెళతారో, ఎప్పుడు వస్తారో చూసి చేసిన ఏర్పాటు అది, ఎవరికి తట్టిందో గాని వారిని మెచ్చుకోవాలి. ఆ పల్లెకు మాత్రం అది రాలేదు. మా ఆడపడుచు రెండుసార్లు అర్జీ పెట్టింది.

సంక్రాంతి వెళ్ళిన మూడోనాడు ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మూటలు సర్దుకున్నారు. ముందురోజు సాయంత్రం మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్ళి పిల్ల చేత వాళ్ళ నాన్న ముందు వాచకంలో ఒక పేజీ చదివించిందట. ఆయన ఏమీ అనలేదట. చదువుతున్నంతసేపూ బీడీ చేతిలో పట్టుకుని వెలిగించకుండా కూర్చున్నాడట. పొద్దున్నే చూస్తే పిల్ల బళ్ళో వుంది. అమ్మమ్మ దగ్గర వదిలివెళ్ళారు.

రెండో తరగతి చదివే తమ్ముణ్ణి మాత్రం వెంట తీసుకుపోయారు. వాణ్ణి చూసుకునే ఓపిక ముసలమ్మకు లేదు. వాడి మెట్టు దగ్గర, తాబేలు బొమ్మ వున్న శుభలేఖ మీద, అక్క పెన్సిలుతో తేదీ వేసి పెట్టిందట.